హలో అంటే పలకని మైకు

నిన్నగాక మొన్న దివిసీమలో ఒక ఊరివాళ్ళు నాకు సన్మానం చేశారు. ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెట్టారు. ఆట మొదలయ్యే ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, చేతిలో ఒక గాజు బొమ్మ పెట్టారు. కళ్ళజోడాయన ఒకడు కాగితం తీసి, ఈ చుట్టుపక్కల మైకు పట్టుకుని ఆటలకు కామెంట్రీ చెప్పిన తొలి మహిళ ఈ మామ్మగారేనని చదివాడు. ఆ తొలి మహిళ పేరేమిటో మాత్రం చదవలేదు. ఫ్లెక్సీ మీద ఉంటుందేమోనని వెతుక్కున్నాను. నాకు చదువు రాదు గానీ నా పేరులో ఉన్న అక్షరాలు ఎక్కడ కనిపించినా పోల్చుకుంటాను. నాయకులవి బారెడు బారెడు ఫొటోలు, కూల్‌డ్రింకుల షాపాయనది మూరెడు ఫొటో, అట్టడుగున నాది పోస్టు బిళ్ళంత. కింద "కీర్తిశేషులు మైకు యేసోబు గారి సతీమణి" అని ఉందని మా మనవరాలు ప్రియ చదివి చెప్పింది. చచ్చిపోయిన మనిషికి పేరుంది, కుర్చీలో కూర్చున్న మనిషికి లేదు. పోనీ నాలుగు ముక్కలు మాట్లాడదామని లేవబోతే, "టైము లేదు మామ్మగారూ, పెద్దలొచ్చే వేళైంది" అని భుజం పట్టి కూర్చోబెట్టారు. మాట్లాడినందుకు సన్మానమట, మాట్లాడకుండా పుచ్చుకోవాలట. ఇంటికొచ్చాక ప్రియతో అన్నాను, "కాగితం కలం తెచ్చుకోవే. నేను చెబుతాను, నువ్వు రాయి. అడ్డం రాకు."

మా ఇల్లు బందరు నుంచి గిలకలదిండి వెళ్ళే దారిలో ఉండేది. ముందు గది మైకు సెట్టు షాపు, వెనక గదిలో మేము. ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. బ్యాటరీల్లో పోసే ఆసిడ్డు, వేడెక్కిన యాంప్లిఫయరు మీద కాలే దుమ్ము, బాకాలు తుడిచే కిరసనాయిలు గుడ్డ, గాలి ఇటు తిరిగితే ఎండుచేపలు. పెళ్ళికీ పేరంటానికీ, మీటింగుకీ ప్రార్థన కూటానికీ అందరికీ అదే మైకు. మా అత్త వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, పొగాకు కాడ దవడన పెట్టి, వచ్చిన బేరాలన్నిటికీ తనే జవాబు చెప్పేది. ఒక ఏడు కోడిపెట్టను తీసుకెళ్ళి మూలనున్న బాకాలో పొదగేసింది. ఆ సంగతి తెలియక మా ఆయన ఆ బాకానే గూడూరులో ఒక పెళ్ళికి కట్టాడు. సన్నాయి మొదలయ్యేసరికి పెళ్ళివారి మీద గడ్డీ గుడ్ల పెంకులూ రాలాయి. పెళ్ళివారు తిట్టిపోస్తే మా అత్త, "అక్షింతలు ఎవరైనా వేస్తారు, మేం కొత్తగా వేశాం" అంది.

నా గొంతు పుట్టినప్పటి నుంచీ బొంగురే అంటారు. నాకలా అనిపించదు. మా పుట్టింట్లో చేలో పిట్టలు తోలడానికి నన్ను పెట్టేవాళ్ళు. పొద్దున నుంచీ సాయంత్రం దాకా మంచె మీద నిలబడి అరిస్తే ఎవరి గొంతైనా ఇలాగే అవుతుంది. పెళ్ళై బందరు వచ్చాక చర్చిలో పాటల వరసలో నిలబడ్డాను. పాస్టరు గారి భార్య మెల్లిగా దగ్గరికొచ్చి, "నువ్వు నోరు మాత్రం తెరువమ్మా, దేవుడికి అర్థమవుతుంది" అంది. అప్పటి నుంచీ నేను ఆరాధనలో మూగపాటే పాడాను. మైకు సెట్టు ఇంటి కోడలినన్న మాటే గానీ మైకు ముట్టుకునే హక్కు లేదు. షామియానా పక్కన కూర్చుని యాంప్లిఫయరు కాలిపోకుండా తాటాకు విసనకర్రతో విసరడమే నా ఉద్యోగం.

ఉప్పెన వచ్చిన ఏడు ఆ ఉద్యోగం మారింది. నీళ్ళు తీశాక దివిసీమలో క్యాంపులు పెట్టారు. తప్పిపోయిన వాళ్ళను పిలవడానికి మైకు కావాలని లారీ పంపారు. మా ఆయన ఒక్కడే వెళ్తే తిండి తినడని నేనూ ఎక్కాను. ఆయన పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు. మైకు నా చేతికొచ్చింది. అక్కడ నన్ను ఎవరూ నోరు మాత్రం తెరవమనలేదు. తల్లులు వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడేవారు. పిల్లాడి పేరు నేను పిలిస్తే నలుగురు వెంకటేశులు లేచేవారు. తండ్రి పేరు చెబుదామంటే అంత పసివాళ్ళకు నాన్న పేరు నాన్నే. అమ్మ పేరు మాత్రం తెలుసు, నీళ్ళ బావి దగ్గర వినీ వినీ. అందుకని "నాగమ్మ కొడుకు వెంకటేశూ, మీ అమ్మ ఇక్కడుంది రా" అని పిలిచేదాన్ని. కొందరు పరిగెత్తుకొచ్చారు. కొందరి కోసం తల్లులు నా పక్కనే కూర్చుని మళ్ళీ పిలవమనేవారు, పిలిచేదాన్ని. దాని గురించి ఇంతకంటే చెప్పను. ప్రియా, ఇక్కడ గీత గీసి కింద నుంచి రాయి.

ఆ తర్వాత ఎండాకాలం బందరులో కబడ్డీ పోటీలు పెట్టారు. గెలిచిన జట్లకు గూడూరులో సెమీఫైనలు, గుడివాడలో ఫైనలు. కమిటీకి రైసు మిల్లాయన ప్రెసిడెంటు. ఆయన కొడుకు రఘు బందరు జట్టులో పేరున్న కూతగాడు. కామెంట్రీకి విశ్వం మాస్టారు. ఆయన నాటకాల్లో రాజు వేషాలు వేసేవారు. మైకు ముందు నిలబడ్డా నెత్తి మీద కిరీటం ఉన్నట్టే ఉండేవారు. కుర్రాడు కూతకు వెళ్తే, "అదిగో, మదపుటేనుగు వలె, మేఘగర్జన వలె, కొదమసింహం వలె..." అని మొదలుపెట్టేవారు. ఆ మూడు జంతువులూ పూర్తయ్యేలోపు కుర్రాడు పట్టుబడి, బయటికొచ్చి, మంచినీళ్ళు తాగుతుండేవాడు. జనం ఆటను కళ్ళతో చూసేవారు, చెవుల్లో నాటకం వినేవారు, రెంటికీ సంబంధం అడిగేవారు కాదు. మేఘానికీ జంతువుకీ తేడా కూడా ఎవరూ అడగలేదు.

రెండో రోజు మాస్టారు అలిగారు. గోడల మీద అంటించిన పోస్టర్లో ఆయన పేరు సోడాల కంపెనీ పేరు కిందికి వెళ్ళిందట. "సోడా కంటే తక్కువయ్యానటయ్యా నేను?" అని కండువా దులిపి వెళ్ళిపోయారు. జట్లు బరిలో దిగాయి. మైకు ఊరికే గురగురలాడుతోంది. మా ఆయన స్తంభం ఎక్కి బాకా కడుతున్నాడు. కింద జనం తోసుకుంటూ తీగ తొక్కుతున్నారు. ఒక్క లాగు లాగితే బాకాతో సహా మనిషి కిందకొస్తాడు. నాకు భయమేసి మైకు అందుకున్నాను.

"బాబూ, తీగ తొక్కకండి! పైన సుందరమ్మ కొడుకున్నాడు!"

జనం గొల్లుమన్నారు. సుందరమ్మ అంటే మా అత్త. మైదానం మా ఇంటికి కూతవేటు దూరమే కాబట్టి ఆ మాట ఆమె మంచం దాకా వెళ్ళింది. అప్పటికే కూతగాడు గీత దాటేశాడు. అతణ్ణి క్యాంపు రోజుల్లోనే చూశాను, ఆ వెంకటేశుకు అన్న, పలకాయితిప్ప వైపు నుంచి వచ్చి బందరులో చుట్టాలింట్లో చదువుకుంటున్నాడు. నోరు ఆగలేదు. "నాగమ్మ కొడుకు కూతకెళ్ళాడు! ఒరే నాయనా, ఆ మూలకెళ్ళకు, అక్కడ ముగ్గురున్నారు! చెబితే వినడే! పట్టారు, పట్టారు... లేదు, జారాడు! చేప పిల్ల జారినట్టు జారాడు!" నాకు ఆట రూల్సు సగం తెలియవు. ఎవరు అవుటో రెఫరీ చెప్పేదాకా నాకూ తెలియదు, చెప్పాక "అది అన్యాయం" అనేదాన్ని. పిల్లల్ని తిట్టేదాన్ని, బుజ్జగించేదాన్ని. కామెంట్రీ ఎలా చెప్పాలో నేర్చుకున్నదాన్ని కాను. పిలవడం ఒకటే తెలుసు, పిలిచాను.

ఆట అయ్యేసరికి మా అత్త మైదానం అంచున నిలబడి ఉంది. చేతిలో చీపురు. ఈ రోజుతో నా పని అయిపోయిందనుకున్నాను. దగ్గరికొచ్చి, "ఏమ్మే, మైకులో నా పేరు అన్నది నువ్వేనా?" అంది.

"తప్పైపోయింది అత్తా. ఆయన పడిపోతాడని..."

"తప్పొప్పులు నిన్నెవరడిగారే. ఇందాక ఆ గోలలో సరిగ్గా వినపళ్ళేదు. ఇంకోసారి అను."

పెళ్ళయ్యాక ఆమెను ఆ పేరుతో పిలిచినవారు లేరు. కోడలా, ఒదినా, యేసోబు అమ్మా, చివరికి ఏవమ్మా. మర్నాటి నుంచి మంచం మైదానం గట్టుకు మారింది. ఆమె ఒక్కతే కాదు. తన పేరు బాకాలో వచ్చిందని నాగమ్మకు చుట్టాలు కబురు పంపారు. ఆడవాళ్ళు ముందు గోడల మీద నుంచి చూశారు, తర్వాత గోడలు దిగారు, తర్వాత ఏకంగా చాపలు తెచ్చుకుని ముందు వరసల దగ్గర పరిచారు. బుర్ఖా వేసుకున్న తల్లులు కూడా ఒక పక్కన కూర్చుని, "అమ్మాయ్, మా వాడు రహీమ్, నా పేరు జైబున్నిసా, మర్చిపోకు" అని వచ్చి మరీ చెప్పి వెళ్ళేవారు.

ముందు వరసలో కుర్చీల మీద కూర్చునేది తండ్రులు. వాళ్ళకు కడుపు మండింది. కమిటీ కూర్చుంది. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆయన వెనక నేను.

"చూడు యేసోబూ," అన్నాడు ప్రెసిడెంటు, "చందా మాది, కుర్చీలు మావి, కొడుకులు మావాళ్ళు. పేర్లు మాత్రం ఆడాళ్ళవా? నిన్న బజార్లో ఒకడు నన్ను చూసి 'అరుగో సీతామహాలక్ష్మి గారి ఆయన' అన్నాడయ్యా! మిల్లు మీద ముప్పై అడుగుల బోర్డులో నా పేరుంది. అది చదవడం రాదా వాడికి?"

పక్కనున్నాయన, "మేమేమైనా చచ్చామా? బతికుండగానే పిల్లలకు తండ్రి పేరు తీసేస్తే ఎట్టా?" అన్నాడు.

"పిల్లలు తప్పిపోయినప్పుడు అట్టా పిలవడం అలవాటైందండీ," అన్నాను వెనక నుంచి.

"ఇక్కడెవడూ తప్పిపోలేదమ్మా!"

తీర్మానం చేశారు. మాస్టారు ఇంకా అలక దిగలేదు కాబట్టి గూడూరు సెమీఫైనల్లో నేనే చెప్పాలి. కానీ తండ్రుల పేర్లే చెప్పాలి. పైగా ఆడమనిషి గొంతు వినిపించవచ్చు గానీ మనిషి కనిపించకూడదు. అందుకని స్టేజీకి అడ్డంగా టెంటు గుడ్డ కట్టి, నా కంటికి సరిపడా ఒక కంత చేశారు. సాయంత్రం సముద్రపు గాలి లేచింది. గుడ్డ తెరచాపలా ఉబ్బింది. కంత బరి వదిలేసి సోడా బండి వైపు తిరిగింది. ఏం చేయను? కనిపించింది చెప్పడమే గదా కామెంట్రీ. "ఇప్పుడు సోడా బండి కనిపిస్తోందండీ. గోలీ కొట్టాడు. సోడా పొంగింది. తాగినాయన తేన్చాడు. ఆటలో ఏమైందో నన్నడక్కండి, గుడ్డ కట్టిన కమిటీ వారినడగండి." గూడూరు జనం ఆట మానేసి సోడా బండి చుట్టూ మూగారు. ఆ తేన్చినాయన కమిటీ కోశాధికారి.

మర్నాడు ప్రెసిడెంటు మా షాపు ముందు కారాపాడు. దిగలేదు. అద్దం దించి, "విశ్వం మాస్టారిని బతిమాలాం. పోస్టర్లో పేరు సోడా పైకి ఎక్కించాం. గుడివాడ ఫైనల్లో నీ భార్య మైకు ముట్టుకుందా, బెజవాడ సెట్టు తెప్పిస్తా. ఇక ఈ తాలూకాలో నీ బాకా ఎక్కడా లేవదు" అన్నాడు. మా ఆయన "చిత్తమండి" అన్నాడు. ఆ మనిషి అంతే. ఎదటివాడి మాట ముగియక ముందే చిత్తమండి అనేవాడు. పెళ్ళినాడు పాస్టరు గారు ఈమెను స్వీకరిస్తావా అని అడిగినా అదే అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. మూగపాట పాడిన నోటికి ఒకసారి గొంతు దొరికాక మళ్ళీ నోరు మాత్రం తెరవడం ఎలా కుదురుతుంది? చారులో ఉప్పు మానేశాను. మా ఆయన గుటకలు మింగుతూ తాగాడు. మా అత్త మాత్రం కంచం నెట్టేసి, "ఒరే, ఆ మిల్లాయన కారు దిగకుండా నీ పెళ్ళాం నోరు కట్టాడు, నువ్వు కారు తలుపు తుడిచి పంపావు. మైకు నీదిరా సన్నాసీ!" అంది. ఆయన నా వంక ఒకసారి చూసి, బాకాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. "ఏమే", "ఇదిగో", కోపమొస్తే "ఎవరక్కడ". అంతే నా పిలుపులు.

గుడివాడకు మేము సామానుతో ముందే వెళ్ళాం. మధ్యాహ్నం పాసింజరు బండి దిగి బందరు ఆడవాళ్ళు వచ్చారు. క్యారేజీలు, మరచెంబులు, చాపలు. ముందు మా అత్త, పెళ్ళివారిని నడిపించుకొచ్చినట్టు. మైదానంలో సగం చాపలతో నిండింది. కుర్చీల్లో తండ్రులు, మధ్యలో ప్రెసిడెంటు. స్టేజీ మీద మాస్టారు జరీ కండువా సర్దుకుంటున్నారు. నేను యాంప్లిఫయరు పక్కన విసనకర్రతో కూర్చున్నాను, తల ఎత్తలేదు.

ఆట ముందు మైకు టెస్టింగు. అది ఎప్పుడూ మా ఆయన పని. హలో హలో, వన్ టూ త్రీ, అంతకు మించి ఆయన జన్మలో మైకులో మాట్లాడింది లేదు. మైకు దగ్గరికెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు. నాలుగు బాకాల్లోంచీ గుడివాడ అంతటా వినిపించింది.

"రాహేలు... రాహేలు... వన్ టూ త్రీ... రాహేలు."

నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

ప్రెసిడెంటు కుర్చీలో సగం లేచాడు. "ఏవయ్యా యేసోబూ, ఏంటది?"

"మైకు టెస్టింగండి."

"టెస్టింగంటే హలో అనాలి గదయ్యా!"

"ఈ మైకు హలో అంటే పలకట్లేదండి," అన్నాడు మా ఆయన, చేతులు కట్టుకుని, ఎప్పటి వినయంతోనే. "ఇట్టా అంటేనే పలుకుతోందండి. మళ్ళీ చూపించమంటారా?" అని మళ్ళీ అన్నాడు. చాపల మీద ఆడవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. నవ్వు కుర్చీల దాకా పాకింది. టెస్టింగు మీద తీర్మానం చేయడానికి కమిటీకి అధికారం లేదు. బెజవాడ నుంచి వేరే సెట్టు తెప్పించడానికి అప్పుడు వేళ లేదు.

మాస్టారు మొదలుపెట్టారు. "శ్రీయుతులు ఫలానా వారి ద్వితీయ పుత్రరత్నం, మదపుటేనుగు వలె..." చాపల మీద నుంచి, "నాగమ్మ కొడుకు!" అని అరుపు. "జమీందారీ రాజసం ఉట్టిపడే ఫలానా వారి..." "జైబున్నిసా కొడుకు!" ఏనుగు దగ్గర ఆపేశారు, సింహం దగ్గర ఆపేశారు. విశ్రాంతి వేళకు మాస్టారి గొంతు పూర్తిగా పోయింది. చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, ఇంతమంది ఆడాళ్ళ మధ్య నాటకం నా వల్ల కాదు. నువ్వే పట్టు తల్లీ. పోస్టర్లో పేరు మాత్రం నాదే ఉండనియ్" అన్నారు. ఆయన మంచివాడే, పేరు ఒక్కటే ఆయన రోగం.

రెండో సగమంతా నేనే చెప్పాను. టెంటు గుడ్డ లేదు. చివర్లో రఘు కూతకు వెళ్ళాడు. ప్రెసిడెంటు నా వంకే చూస్తున్నాడు. బేరాలు గుర్తొచ్చాయి, మా ఆయన గుర్తొచ్చాడు, ఎవరి పేరు చెప్పాలో ఒక్క క్షణం తోచలేదు. "సీతామహాలక్ష్మి గారి కొడుకు వెళ్తున్నాడండీ! ప్రెసిడెంటు గారింట్లోనే పెరిగాడు!" అన్నాను. మైదానం ఊగిపోయింది. కుర్చీల వెనక ఎక్కడో గొడుగు కింద కూర్చున్న సీతామహాలక్ష్మి గారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రఘు ఆ కూతలోనే పట్టుబడి బందరు ఓడిపోయింది. ఆ ఓటమికి కారణం నేనేనని ప్రెసిడెంటు బతికినంత కాలం చెప్పుకున్నాడు. అయినా మరుసటి ఏటి పోటీలకు మా మైకే కట్టించాడు. ఇంట్లో ఆవిడ ఉప్పు మానేసిందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ప్రియ సెల్లులో చూపిస్తుంటుంది, టీవీల్లో ఆడపిల్లలు కోటు వేసుకుని కూర్చుని క్రికెట్టు చెబుతున్నారు. సంతోషంగా ఉంటుంది. మొన్న సన్మానం రోజున కూడా డిగ్రీ చదివే పిల్ల ఒకతె కామెంట్రీ చెప్పింది. మంచి గొంతు, ధైర్యంగా కుర్చీలో కూర్చుంది, ఏ అడ్డుతెరా లేదు. "జెర్సీ నంబరు సెవెన్ రెయిడ్‌కి వెళ్తోంది" అంటుంటే నేను పక్కకు వంగి, "ఎవరి పిల్లమ్మా ఆ ఏడో నంబరు?" అని అడిగాను. "తెలీదు మామ్మా, నాకిచ్చిన షీటులో లేదు" అంది. తండ్రి పేరూ పోయింది, తల్లి పేరూ పోయింది. ఇక కొట్లాడుకోవడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

ఆ రోజున ఒక సంగతి మాత్రం కమిటీ వారెవరూ గమనించలేదు. శాలువాలూ ఫ్లెక్సీలూ కాక ముందు, నేను వెళ్ళి కుర్చీలో కూర్చునేసరికి మైదానం ఇంకా ఖాళీగానే ఉంది. గడ్డం నెరిసిన మైకు సెట్టాయన ఒకడు తీగలు సర్దుకుంటున్నాడు. ఎవరో నాకు తెలియదు, నేను ఎవరో అతనికీ తెలియదు. ఎప్పుడో, ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో. మా ఆయన ఆ గుడివాడ రోజు నుంచి కన్నుమూసేదాకా ఏ ఊళ్ళో మైకు కట్టినా హలో అనలేదు మరి. ఆయన దగ్గర నేర్చినవాళ్ళూ, వాళ్ళ దగ్గర నేర్చినవాళ్ళూ అదేదో మైకు పనికి సంబంధించిన ఇంగ్లీషు ముక్క అనుకున్నట్టున్నారు. అతను మైకు మీద వేలితో తట్టాడు. ఊదాడు. ఆ తర్వాత ఖాళీ కుర్చీల మీదుగా, చేల మీదుగా పెద్ద గొంతుతో అన్నాడు.

"రాహేలు... రాహేలు... వన్ టూ త్రీ."

నేను కుర్చీలోంచే, "ఆఁ" అన్నాను.